గువ్వలచెరువు ఘాట్‌లో బండి ఎత్తుకోవడం లేదు: కంపెనీ ఇచ్చిన గాలి గొట్టాన్ని మార్చి చల్లటి గాలి అందించవచ్చా?

ప్రశ్న: రాయచోటి దారి, కడప

అందరికీ నమస్కారం. నా దగ్గర 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను ఉన్న చిన్న కారు ఉంది. కొని ఏడేళ్లయింది, 86,000 కిలోమీటర్లు తిరిగింది. మా అమ్మానాన్నలు రాయచోటిలో ఉండడం వల్ల ప్రతి శనివారం కుటుంబంతో కలిసి గువ్వలచెరువు ఘాట్ మీదుగా వెళ్లి వస్తుంటాను. చలికాలంలో పొద్దున్నే బయలుదేరితే ఇదే బండి మూడో గేరులోనే ఘాట్‌ను ఇబ్బంది లేకుండా ఎక్కేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట ఏసీ వేసుకుని నలుగురం ఎక్కుతుంటే మాత్రం యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఎత్తుకోవడం లేదు, పైగా ఇంజను నుంచి సన్నగా కటకటమనే శబ్దం వస్తోంది. గత శనివారం తిన్నటి దారి కనిపించింది కదా అని ఒక లారీని దాటబోయి, పికప్ చాలక సగంలోనే వెనక్కి తగ్గాను. వెనుక సీట్లో పిల్లలు ఉన్నారు. అప్పటి నుంచి ఈ సంగతి మనసులో నుంచి పోవడం లేదు.

ఇంజను కంప్యూటర్‌లోని అంకెలు చదవడానికి కారులో ఇచ్చే ఓబీడీ సాకెట్‌కు తగిలించే బ్లూటూత్ పరికరం కొని, ఇంజనులోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రతను ఫోనులో చూశాను. బయట 41 డిగ్రీలు ఉన్న రోజు, చదును రోడ్డు మీద 70 కిలోమీటర్ల వేగంలో 58 డిగ్రీలు చూపించింది. కోటిరెడ్డి సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగినప్పుడు 66కు, ఘాట్‌లో లారీ వెనుక నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు 71కి చేరింది. ఇంజను నీటి ఉష్ణోగ్రత మాత్రం ఎప్పుడూ మామూలుగానే ఉంది.

ఇక్కడి ఒక విడిభాగాల దుకాణంలో ఫిల్టర్ డబ్బాను పూర్తిగా తీసేసి, బానెట్ కింద శంఖం ఆకారంలో ఉండే ఫిల్టర్ బిగిస్తామని, తొమ్మిదిన్నర వేలు అవుతుందని చెప్పారు. నా ఆలోచన వేరు. కంపెనీ డబ్బాను అలాగే ఉంచి, ముందు బంపర్‌లో ఫాగ్ ల్యాంప్ కోసం వదిలిన ఖాళీ నుంచి రెండున్నర అంగుళాల గొట్టం ఒకటి దానికి కలిపితే, రేడియేటర్ వేడి తగలని గాలి నేరుగా అందుతుంది కదా అనిపిస్తోంది. దీనివల్ల నిజంగా ఎంత లాభం ఉంటుంది, ఏమైనా హాని ఉంటుందా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

సమాధానం: నందికొట్కూరు రోడ్డు షెడ్డు, కర్నూలు

ఇరవై రెండేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. చాలామంది "పికప్ లేదు" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. మీరు అంకెలు చూసి రాశారు కాబట్టి సూటిగా మాట్లాడుకోవచ్చు.

మీరు ఇచ్చిన అంకెల్లో సిగ్నల్ దగ్గరి 66ను, ఘాట్‌లోని 71ని కాసేపు పక్కన పెట్టండి. ఆగిన బండిలో బానెట్ కింద వేడి నిలిచిపోతుంది, సెన్సార్ ఒళ్లు కూడా కాగిపోయి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నాకు నచ్చనిది చదును రోడ్డు మీద, 70 వేగంలో వచ్చిన 58. బయటి గాలికి, లోపలి గాలికి పదిహేడు డిగ్రీల తేడా అక్కడ ఉండకూడదు. అన్నీ సరిగా ఉన్న బండిలో ఆ వేగంలో నేను సాధారణంగా చూసేది ఐదు నుంచి పది డిగ్రీల తేడా మాత్రమే. ఎందుకంటే చాలా కంపెనీలు గాలి గొట్టం మూతిని రేడియేటర్‌కు ముందు, గ్రిల్ వెనుక, పై భాగంలోనే పెడతాయి. అంటే మీరు కొత్తగా చేయాలనుకుంటున్న పని కంపెనీ వాళ్లు ముందే చేసి ఉంచారు. మీ బండిలో అది జరగడం లేదంటే ఎక్కడో ఏదో ఊడిపోయి ఉంటుందని నా అనుమానం. ఈ ఏడేళ్లలో ముందు బంపర్ ఎప్పుడైనా విప్పించారా? బానెట్ తెరిచి, ఫిల్టర్ డబ్బా నుంచి ముందుకు వెళ్లే నల్లటి గొట్టాన్ని చేత్తో తడుముతూ చివరిదాకా వెళ్లండి, అది ఎక్కడ ఆగుతుందో రాయండి.

శంఖం ఫిల్టర్ విషయంలో మాత్రం మీ బండిని చూడకుండానే వద్దని చెబుతాను. మా వైపు బేతంచెర్ల, బనగానపల్లె దారుల్లో నాపరాయి పాలిషింగ్ యూనిట్ల నుంచి వచ్చే తెల్లటి పొడి ఎండి రోడ్డు పక్కన పేరుకుని ఉంటుంది, లారీ పోతే చాలు, మేఘంలా లేస్తుంది. ఆ దారిలో రోజూ తిరిగే ఒకాయన ఇలాంటి ఫిల్టర్ బిగించుకుని, ఏడాదిన్నర తర్వాత వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు ఇంజనాయిల్ తాగుతోందని నా దగ్గరికి తెచ్చారు. ఫిల్టర్ విప్పి, దాని తర్వాత ఉండే గొట్టం లోపలి గోడను చూపుడువేలితో తుడిచాను. వేలి కొనకు ముగ్గుపిండి అంటుకున్నట్టు సన్నటి పొడి అంటింది, రెండు వేళ్ల మధ్య రుద్దితే గరగరమంది. ఆ పొడే పిస్టన్ రింగులను అరగదీసింది. క్లిప్పు సరిగా బిగియకపోవడం ఒక కారణం, ఆ ఫిల్టర్ గుడ్డ సన్నటి ధూళిని ఆపలేకపోవడం ఇంకో కారణం. కంపెనీ ఇచ్చే మడతల కాగితపు ఫిల్టర్ చూడటానికి చవకగా ఉంటుంది కానీ ధూళిని ఆపడంలో దానికి సాటి వచ్చేది అరుదు. మన జిల్లాల్లో తిరిగే ఎవరైనా, ఏ ఫిల్టర్ వాడుతున్నా, నెలకోసారి ఈ వేలి పరీక్ష చేసుకోవాలని నా మనవి. ఫిల్టర్ దాటిన గొట్టంలో వేలికి ఏమీ అంటకూడదు.

సమాధానం: యంత్రశాస్త్రం చెప్పేవాడిని, అనంతపురం

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, "ఎంత లాభం" అన్న ప్రశ్నకు లెక్క చెప్పే ప్రయత్నం చేస్తాను. ఇది తెలియకపోవడం వల్లనే చాలామంది ఇరవై శాతం పికప్ పెరుగుతుందన్న మాటను నమ్మి డబ్బు పోసుకుంటున్నారు.

గాలి సాంద్రత దాని పరమ ఉష్ణోగ్రతకు విలోమంగా మారుతుంది, అంటే సెల్సియస్ అంకెకు 273 కలిపి లెక్క చూడాలి. బయటి 41 డిగ్రీలు 314 అవుతుంది, మీరు ఘాట్‌లో చూసిన 71 డిగ్రీలు 344 అవుతుంది. ఈ రెండింటి నిష్పత్తిని బట్టి చూస్తే, ఘాట్‌లో మీ ఇంజను పీల్చే ప్రతి లీటరు గాలిలో బయటి గాలి కంటే సుమారు తొమ్మిది శాతం తక్కువ పదార్థం ఉంటుంది. పెట్రోలు ఇంజను గాలి బరువును బట్టే పెట్రోలు కలుపుతుంది, సుమారు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు చొప్పున, కాబట్టి గాలి తగ్గితే శక్తి తగ్గుతుంది. అయితే శక్తి కూడా తొమ్మిది శాతం తగ్గుతుందని అనుకోకూడదు. గాలి సిలిండర్‌లోకి వెళ్లేలోపు వేడి గోడల నుంచి ఎలాగూ కొంత వేడెక్కుతుంది కాబట్టి, ఇంజను పరీక్షల్లో శక్తి ఉష్ణోగ్రత వర్గమూలాన్ని బట్టి మారుతుందని సవరణ వేస్తారు. ఆ ప్రకారం చూస్తే నష్టం నాలుగున్నర శాతం దగ్గర ఆగుతుంది. మీ ఇంజను ఎనభై హార్స్‌పవర్ ఇస్తుందనుకుంటే మూడున్నర హార్స్‌పవర్ పోయినట్టు. గాలి గొట్టాన్ని ఎంత గొప్పగా మార్చినా ఇంజనులోకి బయటి గాలి కంటే చల్లటి గాలి రాదు కాబట్టి, మీరు తిరిగి సంపాదించగలిగేదానికి ఇదే పై హద్దు, ఆచరణలో అందులో సగం దక్కినా మేలే.

దీనికి తోడు మరొకటి ఉంది, మీ విషయంలో అదే ముఖ్యమని నా అభిప్రాయం. మీరు రాసిన కటకట శబ్దం నాకింగ్ అయి ఉండవచ్చు. లోపలికి వచ్చే గాలి బాగా వేడిగా ఉన్నప్పుడు, ఇంజను మీద బరువు ఎక్కువగా పడితే, సిలిండర్‌లోని మిశ్రమం స్పార్క్ మంట తనను చేరకముందే ఒక మూల తనంతట తానే పేలుతుంది. దాన్ని తప్పించడానికి ఇంజను కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యం వల్ల శక్తి ఇంకాస్త పోతుంది. అందుకే 71 డిగ్రీలను 55కు తేగలిగితే లెక్కలో కనిపించేదానికంటే కొంచెం ఎక్కువ తేడానే తొక్కుడులో తెలుస్తుంది.

ఇక ఫాగ్ ల్యాంప్ ఖాళీ నుంచి గాలి "దూసుకు వస్తుంది" అన్న ఆశ గురించి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కూడా ఎదురుగాలి కలిగించే అదనపు ఒత్తిడి వాతావరణ పీడనంలో అర శాతానికి లోపే ఉంటుంది. ఘాట్‌లో మీరు వెళ్లేది ముప్పై నలభై వేగంలో కాబట్టి అక్కడ దాన్ని సున్నా అనుకోవచ్చు. గొట్టానికి వెండి రంగు రేకు చుట్టమని చెప్పేవారు కూడా ఉంటారు. అరవై మిల్లీమీటర్ల వెడల్పు, అర మీటరు పొడవు ఉన్న గొట్టంలో పట్టే గాలి లీటరున్నరకు మించదు. మీ ఇంజను 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి 3,000 చుట్లు) దగ్గర పూర్తిగా తొక్కినప్పుడు సెకనుకు పాతిక లీటర్ల దాకా పీల్చుకుంటుంది, అంటే ఏ గాలి కణమూ ఆ గొట్టంలో సెకనులో పదిహేనో వంతు కంటే ఎక్కువసేపు ఉండదు. అంత తక్కువ సమయంలో ప్లాస్టిక్ గోడ నుంచి అది తీసుకునే వేడి స్వల్పమే. కాబట్టి గొట్టం దేనితో చేశారు, దాని మీద ఏం చుట్టారు అన్నవాటి కంటే దాని మూతి ఎక్కడ తెరుచుకుంటోంది అన్నదే తేలాలి. కర్నూలు షెడ్డు వారు అడిగిన ప్రశ్న అందుకే సరైన చోట తగిలింది.

మైలేజీ పెరుగుతుందా అని మీరు అడగలేదు కానీ చదివేవారి కోసం చెబుతున్నాను. పెరగదు. సమంగా వెళ్తున్నప్పుడు థ్రాటిల్, అంటే ఇంజనులోకి గాలిని వదిలే తలుపు, సగం మూసే ఉంటుంది, చల్లటి గాలి వస్తే ఇంకాస్త మూసుకుంటుంది, అంతే.

ఈ నెలలోనే ఖర్చు లేకుండా మీరు చేయగలిగింది ఒకటుంది. చిన్న కారులో ఏసీ కంప్రెసర్ ఎండాకాలంలో రెండు మూడు కిలోవాట్ల (సుమారు మూడు నాలుగు హార్స్‌పవర్) శక్తి తీసుకుంటుంది, అంటే గాలి వేడి వల్ల పోయిన దానికి దాదాపు సమానం. లారీని దాటే ముందు ఏసీ ఆపి, మూడో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర తొక్కే బదులు రెండో గేరులోకి దించి, 4,000 దాకా లాగనివ్వండి. ఇలాంటి చిన్న ఇంజన్ల బలం ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

సమాధానం: తాడిపత్రి రోడ్డు, అనంతపురం

ఫాగ్ ల్యాంప్ ఖాళీ నుంచి గొట్టం వేయించుకున్నవాడిని నేను. అన్నగారు అడిగిన ప్రశ్న చూసి నిద్ర పట్టక రాస్తున్నాను.

2021లో నా పెట్రోలు కారుకు అచ్చం మీరు చెప్పిన పద్ధతిలోనే గొట్టం పెట్టించాను. స్కానర్‌లో ఏడెనిమిది డిగ్రీలు తగ్గిన మాట నిజం, నేను సంతోషపడిన మాటా నిజం. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలు మునిగిన రోజుల్లో, మా వీధి చివర మోకాలి కిందకే ఉన్న నీటిలో నుంచి బండిని నెమ్మదిగా దాటించబోయాను. మా ఎదురింటి వారి బండి నా ముందే, అదే నీటిలో దాటింది. అది నా బండి లాంటిదే, కంపెనీ గొట్టంతో ఉన్నది. నాది నడి వీధిలో ఒక్కసారి దబ్బున కొట్టుకుని ఆగిపోయింది. ఫాగ్ ల్యాంప్ ఖాళీ నేల నుంచి జానెడున్నర ఎత్తులో ఉంటుంది, బంపర్ తోసిన అల దాన్ని తేలికగా అందుకుంటుంది. నీళ్లు గాలిలా నలగవు కాబట్టి పిస్టన్ పైకి లేవలేక, దాన్ని కింద నుంచి తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. ఆ రాడ్డును మెకానిక్ నా చేతిలో పెట్టినప్పుడు చూశాను: నడుము దగ్గర కొడవలి వంపులా వంగి ఉంది. 78,000 రూపాయల బిల్లు అయింది. ఇంజనులోకి నీళ్లు వెళ్లి కలిగిన నష్టం నా మామూలు పాలసీ కిందికి రాదని, దానికి ఇంజను రక్షణ అనే అదనపు కవరు ముందుగానే తీసుకుని ఉండాలని అప్పుడు తెలిసింది.

కరువు సీమ కదా, మనకు నీటితో ఏం భయం అని నేనూ అనుకున్నాను. ఏడాది పొడవునా ఎండి ఉండే వంకలే మన దగ్గర ఒక్క రాత్రిలో రోడ్డు మీదికి వస్తాయి. దయచేసి గాలి మూతిని కిందికి దించకండి.

మళ్లీ: రాయచోటి దారి, కడప

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కర్నూలు వారు అడిగిన ప్రశ్నకు సమాధానం నా ఫోనులోని ఫోటోల్లోనే దొరికింది. సుమారు ఏడాది క్రితం వెనక్కి వస్తున్న ఆటో తగిలి ముందు బంపర్ పగిలితే, ఒక షెడ్డులో మార్పించాను. మీరు చెప్పినట్టు నిన్న పొద్దున బానెట్ తెరిచి గొట్టాన్ని తడుముతూ వెళ్లాను. ఫిల్టర్ డబ్బా నుంచి జానెడు దూరం వెళ్లి, రేడియేటర్ వెనుకనే అది ఆగిపోయింది. దాని ముందు భాగం, అంటే గ్రిల్ వెనుక విశాలంగా తెరుచుకోవాల్సిన చిలుకముక్కు లాంటి ప్లాస్టిక్ ముక్క, అసలు లేనే లేదు. దాన్ని పట్టి ఉంచే రెండు బోల్టుల రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి, ఒక దాంట్లో తెల్ల క్లిప్పు సగం విరిగి ఇరుక్కుని ఉంది. రేడియేటర్ పైన బానెట్‌కు ఆనుకునే రబ్బరు పట్టీ కూడా ఒక పక్క ఊడి వేలాడుతోంది. ఏడాదిగా నా ఇంజను రేడియేటర్ ఫ్యాన్ వెనక్కి కొట్టే గాలినే పీలుస్తోందన్న మాట. గతేడాది ఎండాకాలం మొదట్లో ఇంత ఇబ్బంది ఎందుకు లేదో ఇప్పుడు అర్థమైంది.

ఆ ముక్క, రెండు క్లిప్పులు, రబ్బరు పట్టీ, కొత్త కాగితపు ఫిల్టర్, అన్నీ కలిపి 1,340 రూపాయలు అయ్యాయి. నేనే బిగించుకున్నాను, గంట పట్టింది. పాత ఫిల్టర్ మడతల్లో ఎండిన ఆకులు, ఒక తూనీగ రెక్క, ఎర్రమట్టి ఉన్నాయి. వేలి పరీక్ష కూడా చేశాను, అదృష్టవశాత్తూ ఫిల్టర్ తర్వాతి గొట్టంలో ఏమీ అంటలేదు.

ఈ మధ్యాహ్నం అదే నలుగురితో, బయట 40 డిగ్రీలు ఉండగా ఘాట్ ఎక్కాను. చదును రోడ్డు మీద 70 వేగంలో 46 చూపించింది. ఘాట్‌లో లారీ వెనుక 57 వరకు పోయి, దారి దొరికి ముందుకు కదలగానే 50కి దిగింది. కటకట శబ్దం రాలేదు. లారీని దాటడానికి మాత్రం యంత్రశాస్త్రం చెప్పే అనంతపురం వారు ఇచ్చిన ఉపాయమే ఎక్కువ పనిచేసిందని ఒప్పుకోవాలి: ఏసీ ఆపి రెండో గేరులోకి దించితే బండి మునుపెన్నడూ లేనట్టు ఎత్తుకుంది. గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగి, బానెట్ తెరిచి ఆ ముక్కను చేత్తో తాకి చూశాను. ఇంజను పక్కనంతా కాలుతున్నా దాని మూతి మాత్రం గోరువెచ్చగానే ఉంది.

ఒక చిన్న సందేహం మిగిలింది. ఫిల్టర్ డబ్బా అడుగున చిటికెనవేలు పట్టేంత రంధ్రం ఒకటి ఉంది. అందులో నుంచి వేడి గాలి లోపలికి వస్తుందేమో, ఎం-సీల్‌తో మూసేయవచ్చా? అలాగే ముందు గొట్టం పక్కన గుమ్మడికాయ బుర్రలా అతికించిన ఖాళీ డబ్బా ఏమిటి, దాన్ని తీసేస్తే గాలి ఇంకా తేలికగా వెళ్తుందా?

సమాధానం: నందికొట్కూరు రోడ్డు షెడ్డు, కర్నూలు

దొరికినందుకు చాలా సంతోషంగా ఉంది. ఆ రంధ్రాన్ని మూయకండి. వానలో గ్రిల్ గుండా వచ్చిన నీళ్లు ఫిల్టర్‌ను తడపకుండా దాని గుండానే కిందికి కారిపోతాయి. అది ఫిల్టర్‌కు ముందు వైపున ఉంటుంది కాబట్టి ధూళి భయం లేదు, దాని గుండా వచ్చే వేడి గాలి లెక్కలోకి రానంత తక్కువ. ఎండిన మట్టితో మూసుకుపోయి ఉంటే పుల్లతో పొడిచి తెరవండి. పక్కనున్న ఖాళీ డబ్బా గాలి పీల్చుకునే రొదను తగ్గించడానికి పెట్టినది, గాలికి అడ్డం కాదు. దాన్ని తీసేస్తే శబ్దం పెరిగి బలం పెరిగినట్టు అనిపిస్తుంది తప్ప వేగంలో తేడా ఉండదు.

ఇంకో పని చేయండి. బంపర్ మార్చిన ఆ షెడ్డులో రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌కు (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీకి), పక్క బాడీకి మధ్య ఉండే స్పాంజి ముక్కలు కూడా వదిలేసి ఉండవచ్చు. అవి లేకపోతే వేడి గాలి చుట్టు తిరిగి మళ్లీ ముందుకే వస్తుంది, ఘాట్‌లో మీకు ఇంకా 57 కనిపించడానికి అది కొంత కారణం కావచ్చు. టార్చి వేసి రెండు పక్కలా వేలు దూరే సందు ఉందేమో చూడండి. ఉంటే అర అంగుళం మందం స్పాంజి పట్టీ కొని అతికించండి, వచ్చే శనివారం ఎక్కాక వచ్చిన అంకె ఇక్కడ రాయండి.